గొట్టం లోపలి తడి

గొట్టంలోనే ఉంది కదా, పుట్టేం మునగదులే అన్నాను.
ఎఫీ నా మొహం వంక ఓసారి చూసి
పార పక్కన పడేసి
బురదలో మోకాళ్ల మీద కూర్చుంది.
ఇరవయ్యారేళ్ల పిల్ల.
నలభై రెండు సీజన్లు లాబ్‌స్టర్ బోనులు లాగినవాణ్ణి,
కేప్ బ్రెటన్ పొగమంచులో పుట్టి పెరిగినవాణ్ణి,
నాకా, తడి గురించి చెప్పడం?

ఇంటి నుంచి రేవు షెడ్డుకి యాభై అయిదు మీటర్లు.
పన్నెండేళ్ల కిందట నేనే తవ్వాను, నేనే పరిచాను
బూడిదరంగు ప్లాస్టిక్ గొట్టం.
అందులోకి, గోడలకి వాడగా మిగిలిన తెల్ల కేబుల్ చుట్ట,
గరాజులో ఊరికే పడుందని.
అతుకులకి డబ్బా జిగురూ పూసేశాను.
చీమ దూరితే ఒట్టు.

పొగమంచు కమ్మిన రోజుల్లో మాత్రం
బ్రేకరు టక్కున పడిపోయేది.
పైకి నెట్టి, నాలుగు తిట్టి, ఊరుకునేవాణ్ణి.
మొన్న రాత్రి నేను ఊరుకున్నా అది ఊరుకోలేదు.
ఎరకని దాచిన మూడొందల కిలోల కానాగంతలు
తెల్లారేసరికి నీరుగారిపోయాయి,
వాటితో నేనూ.
సీజనుకి ఇంకా తొమ్మిది రోజులు.
వాసన చర్చి దాకా పోయింది.
ఫాదర్ బీటన్ ముక్కు మూసుకునే పలకరించాడు.

ఇద్దరం కలిసి లాగాం.
ముందు కేబుల్ వచ్చింది, వెనకే నీళ్లు,
బాల్చీకి సగం.
ఒక్కో అతుకూ తడిమి చూశాను.
నా మాట నిలబెట్టాయి, ఒక్కటీ కారలేదు.
"మరి ఎక్కణ్ణుంచి వచ్చాయి?"
"ఎక్కణ్ణుంచీ రాలేదు, లాక్లన్. ఇక్కడే పుట్టాయి.
ఇంటి కొస వెచ్చన, షెడ్డు కొస చల్లన,
మధ్యలో ఇరుక్కున్న గాలికి చెమట పడుతుంది."

చాకుతో కేబుల్ తొక్క చీరింది.
ఎర్త్ తీగకి చుట్టిన కాగితం
దీపం ఒత్తిలా పీల్చి పీల్చి
నానిన రొట్టెలా వేలికి అంటుకుంది.
దాని కింద రాగి, చిలుం పట్టి, పచ్చగా.
"ఇది పొడి గోడల్లో బతికే జాతి.
భూమిలోకి దిగాక గొట్టం లోపలైనా తడి కిందే లెక్క."

నేను నోరు మెదపలేదు.
మెడ దాకా బిగించిన రబ్బరు కోటు గుర్తొచ్చింది.
ఒక్క అల చుక్కని లోపలికి రానీదు.
అయినా సాయంత్రం విప్పి
చొక్కా పిండితే కారేవి
ఏ సముద్రం నీళ్లు?

మర్నాడు వ్యానులో చుట్టలు తెచ్చింది,
నలుపు, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, విడివిడి తీగలు.
తొడుగు మీద చీమల బారులాంటి అచ్చు.
కళ్లద్దాలు తగిలించుకుని చదివాను.
డబ్ల్యూ మీద గోరుపెట్టి ఆగింది,
"ఈ అక్షరం ఉందంటే తడికి ఓర్చుకుంటుంది."
ఇంత లావెందుకన్నాను, ధర చూసి.
ఫ్రీజరు మోటారు లేచేటప్పుడు దాహంతో లేస్తుందట,
సన్నతీగ దారిలోనే సగం తాగేస్తుందట.
సగమా అంటే, సరే, కొంత, అంది.

పాత గొట్టమే. తుడిచి, ఆరబెట్టి, తీగలు లాగాం.
ఇంకో రెండు పడతాయి కదా అన్నాను.
పడతాయి, పెట్టకూడదు,
వేడి తిరగడానికి సగానికి పైగా ఖాళీ ఉండాలంది.
పడవలో బెత్తెడు చోటు వదలని మనిషిని,
ఆ ఖాళీకి డబ్బు కట్టినట్టే అనిపించింది.
కొసలు రెండూ మెత్తని బంకతో మూసింది,
ఇంటి వెచ్చదనం గొట్టంలోకి జారకుండా.

చేతి చమురు బాగానే వదిలింది.
పైన రెండు లాబ్‌స్టర్లు ఇవ్వబోతే
తింటే ఒళ్లంతా దద్దుర్లంది.
బంగాళాదుంపలు పట్టుకెళ్లింది.

తీగలతో పాటు ఓ నైలాన్ తాడూ లాగి
ఊరికే వదిలేసింది గొట్టంలో.
"ఇదెవరికి?"
"తర్వాత లాగేవాళ్లకి."
దాని కొసకి ఏదో మెలిక వేసింది, ముడి అనుకుంది పాపం.
వ్యాను మలుపు తిరిగాక
పెట్టె తెరిచి, అది విప్పి,
పడవ ముడి వేశాను,
ఎంత లాగినా బిగుసుకుపోనిది,
వచ్చేవాళ్లెవరైనా
ఒక్క వేలితో విప్పుకునేది.